విజయవాడ, గుంటూరు నుంచి అద్దె క్యారవాన్‌లో ఫ్యామిలీ ట్రిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

క్యారవాన్ (లోపలే పడకలు, వంటగది, టాయిలెట్ ఉండే బండి) అద్దెకి తీసుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళొచ్చామని ఎక్కడ చెప్పినా అవే డౌట్లు తిరిగి తిరిగి వస్తున్నాయి, ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పే కన్నా ఒకచోట రాసి పెడితే మేలని ఇది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి డైరెక్ట్‌గా వెళ్ళిపోండి, పైనుంచి చదవాల్సిన పన్లేదు. ఒక్కటి మాత్రం ముందే చెప్తా. చాలామంది బండి బుక్ చేసేసి ఆ తర్వాత రాత్రికి ఎక్కడ ఆగాలా అని వెతుక్కుంటారు, తిరగేసి చేయండి, ఆగే చోటు ఖాయమయ్యాకే బండికి అడ్వాన్స్ కట్టండి.

## బుక్ చేసే ముందు

ఫస్ట్ టైమ్ వెళ్తున్నాం, ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

సూర్యలంక. గుంటూరు నుంచి బాపట్ల ఓ 50 కిలోమీటర్లు, అక్కడ్నుంచి బీచ్ ఇంకో 9, విజయవాడ వాళ్ళు దానికి 35 కలుపుకోండి. ఏదన్నా తేడా కొడితే రెండు మూడు గంటల్లో ఇంటికొచ్చి పడొచ్చు. రెండోది నాగార్జునసాగర్, విజయపురి సౌత్ వైపు ఆగితే పిల్లల్ని లాంచీలో నాగార్జునకొండ మ్యూజియంకి తీసుకెళ్ళొచ్చు, ఎత్తిపోతల జలపాతం దగ్గర్లోనే ఉంది. గండికోట, మారేడుమిల్లి, అరకు అన్నీ బాగానే ఉంటాయి కానీ మొదటిసారే వద్దండి, మొదటి ట్రిప్పు సగం ఏ స్విచ్ ఎక్కడుందో తెలుసుకోడానికే పోతుంది. కొండవీడు, కోటప్పకొండ పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చే చోట్లు, వాటికి క్యారవాన్ దండగ. ఇంకోమాట, రోజుకో ఊరు పెట్టుకోకండి, ఒకేచోట రెండు రాత్రులు ఉంటేనే ఈ బండి సుఖం తెలుస్తుంది.

ఏ నెలలో వెళ్ళాలి? పిల్లలకి సమ్మర్ హాలిడేస్‌లోనే కుదురుతుంది

సమ్మర్‌లో వద్దనే చెప్తా. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి బండి బాడీ రేకుల షెడ్డు లాగా కాలిపోతుంది, లోపల ఏసీ ఎంత పెట్టినా చల్లబడదు. డిసెంబర్ నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది, అంటే క్రిస్మస్ సెలవులు, సంక్రాంతి సెలవులు. కాకపోతే బండి హైదరాబాద్ నుంచి రావాలంటే సంక్రాంతి ముందు రెండు మూడు రోజులు ఆ హైవే సంగతి మీకు తెలిసిందే. కార్తీక మాసం వనభోజనాలకి చాలామంది ప్లాన్ చేస్తారు, వాతావరణం బావుంటుంది, కానీ కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో సముద్ర స్నానాల జనం విరగబడతారు, ఆ రోజు మాత్రం తప్పించండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య బీచ్ వైపు వెళ్ళేవాళ్ళు తుపాను వార్తలు చూసుకోవాలి, 2023లో మిచాంగ్ తుపాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. అందుకే బుక్ చేసేటప్పుడే తుపాను వస్తే డేట్ మారుస్తారా అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి.

మేము ఆరుగురం, అమ్మమ్మతో కలిపి. 6 బెర్తుల బండి సరిపోతుందా?

బెర్తులు కాదండీ, సీటు బెల్టులు లెక్కపెట్టండి. పడుకోడానికి ఆరు చోట్లు ఉండి, కదిలేటప్పుడు బెల్టు పెట్టుకుని కూర్చోడానికి నాలుగే సీట్లు ఉన్న బండ్లు ఉంటాయి. డ్రైవర్ వస్తే ఆయనకో సీటు పోతుంది. పైన ఉండే బెర్తుకి సన్నటి నిచ్చెన ఉంటుంది, దాన్ని పిల్లలు ఎగబడి ఎక్కుతారు, పెద్దవాళ్ళు ఎక్కలేరు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మకి కింద బెడ్, అది కూడా టాయిలెట్ దగ్గర బెడ్ ఇవ్వాలి. బండి ఎక్కే మెట్టు ఎత్తు కూడా ఫోటో పంపమనండి, చాలా బండ్లకి మొదటి మెట్టే బాగా ఎత్తు, చిన్న పీట ఒకటి తీసుకెళ్తే పనికొస్తుంది. నా లెక్కలో అయితే 6 బెర్తుల బండి నలుగురు పెద్దవాళ్ళకి, లేదా ఇద్దరు పెద్దలు ముగ్గురు పిల్లలకి.

నా కారు లైసెన్స్‌తో నడపొచ్చా?

బండి మొత్తం బరువు లోడ్‌తో కలిపి 7500 కిలోల లోపు ఉంటే ఎల్‌ఎంవి (లైట్ మోటార్ వెహికల్, అంటే మామూలు కారు) లైసెన్స్ చాలు, ట్రాన్స్‌పోర్ట్ బండి అయినా సరే అని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ బరువు ఆర్సీలో రాసుంటుంది, చూసుకోండి. అయితే చట్టం ఒప్పుకోవడం వేరు, ఓనర్ ఇవ్వడం వేరు, ఎక్కువమంది డ్రైవర్‌తోనే ఇస్తారు. నన్నడిగితే మొదటిసారి డ్రైవర్‌తోనే తీసుకోండి, వెనక అంత పొడుగు బండిని పల్లెటూరి సందులో రివర్స్ చేయడం కారు నడిపినంత తేలిక కాదు, పైగా సెలవు పెట్టుకుని స్టీరింగ్‌కి అతుక్కుని కూర్చోడం దేనికి.

డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడు? ఆడపిల్లలున్నారు, లోపల పడుకుంటే ఇబ్బంది కదా

ఇది అడగడానికి మొహమాటపడతారు గానీ ముందే తేల్చుకోవాల్సిన విషయం. కొన్ని బండ్లలో డ్రైవర్ క్యాబిన్‌కి, వెనక గదికి మధ్య పార్టిషన్ ఉంటుంది, ఆయన ముందే పడుకుంటారు. అలా లేకపోతే రిసార్ట్‌లో డ్రైవర్లకి డార్మిటరీ ఉందా అని అడగండి, ఆ ఖర్చు మీరే పెట్టుకోండి. రోజంతా నడిపిన మనిషికి సరైన నిద్ర లేకపోతే రేపు మీ ప్రాణాలే ఆయన చేతిలో ఉంటాయి. బత్తా, భోజనం ఎవరిదో కూడా అప్పుడే మాట్లాడేయండి.

తెల్ల నంబర్ ప్లేటు బండి చాలా తక్కువకి ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

వద్దు. తెల్ల ప్లేటు అంటే సొంత వాడకం బండి, దాన్ని కిరాయికి తిప్పితే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు. డ్రైవర్‌తో ఇచ్చే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, మీరే నడుపుకునే అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెలంగాణ, కర్ణాటక వైపు వెళ్ళేటట్టయితే ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో కాగితం చూపించమనండి.

రేటు ఎలా లెక్కేస్తారు? మొత్తం మీద ఎంతవుతుంది?

రోజు అద్దె ఒకటి, కిలోమీటరు రేటు ఒకటి, డ్రైవర్ బత్తా, క్లీనింగ్ ఛార్జీ, జీఎస్టీ, ఇంకా తిరిగొచ్చే డిపాజిట్. అందరూ రోజు అద్దె దగ్గర బేరమాడతారు, అసలు దెబ్బ కిలోమీటర్ల దగ్గర పడుతుంది. మీటర్ ఎక్కడ మొదలవుతుంది? వాళ్ళ షెడ్డు దగ్గరా, మీ ఇంటి దగ్గరా? బండి హైదరాబాద్‌ది అయితే విజయవాడ రావడానికి 270, పోవడానికి 270, అంటే మీరు కాలు పెట్టకుండానే 540 కిలోమీటర్లు. లీటరుకి 9 వస్తుందనుకుంటే 60 లీటర్ల డీజిల్, ఆరు వేలకి అటూ ఇటూ. మీరు సూర్యలంక పోయి రావడానికి 200 కూడా కాదు! అందుకని ఖాళీగా వచ్చిన కిలోమీటర్లతో కలిపి మొత్తం ఎంతో ఒకే అంకె చెప్పమనండి, జనరేటర్ డీజిల్ విడిగానా అన్నదీ అడగండి.

హోటల్ రూమ్ కన్నా ఇది చవకా?

కాదు. కారేసుకుని వెళ్ళి రిసార్ట్‌లో రెండు రూములు తీసుకున్నా దీనికన్నా తక్కువే అవుతుంది. పిల్లల సరదా కోసం, దారిలో టాయిలెట్ ఇబ్బంది ఉండే పెద్దవాళ్ళ కోసం తీసుకోవాలి గానీ డబ్బులు మిగులుతాయని తీసుకోకూడదు.

## బండి చేతికొచ్చిన రోజు

బండి తీసుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

తొందరపడకుండా ఒక గంట కేటాయించండి. అన్ని ట్యాపులూ తిప్పండి, ఫ్లష్ నొక్కండి, స్టవ్ వెలిగించండి, ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూడండి. ఇంజన్ ఆపించి ఏసీ వేయించండి, అది బ్యాటరీ మీద నడుస్తుందా జనరేటర్ మీదా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. స్టెప్నీ, జాకీ, నిప్పు ఆర్పే సిలిండర్, బయట కరెంటుకి తగిలించే పొడుగు కేబుల్ ఉన్నాయా? ఆ కేబుల్ చాలామంది చూసుకోరు, రిసార్ట్‌లో ప్లగ్గు అల్లంత దూరంలో ఉండి కేబుల్ అందకపోతే రాత్రంతా చెమటలే. చివరికి లోపలా బయటా మొత్తం వీడియో తీసి, గీతలు సొట్టలు మాటల్లో చెప్తూ, అక్కడే నిలబడి ఓనర్‌కి పంపేయండి.

మా ఇంట్లోవాళ్ళు సగం ఇల్లు సర్దుతున్నారు, ఎంత సామాను పెట్టొచ్చు?

చోటు కనిపిస్తుంది కదా అని నింపకండి. గట్టి సూట్‌కేసులు అస్సలు వద్దు, తెరవడానికే నేల చాలదు, మెత్తటి బ్యాగులు అయితే బెడ్ కింద దూరతాయి. బరువైనవి కింద పెట్టాలి, పై అరల్లో ఇత్తడి గిన్నెలు, సీసాలు పెడితే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే ఎవరి నెత్తి మీదన్నా పడతాయి. వంద లీటర్ల ట్యాంకు నింపితేనే వంద కిలోలు అని గుర్తుంచుకోండి. టార్చ్, బట్టలు ఆరేసుకునే తాడు, గుమ్మం దగ్గర వేసుకునే పాత పట్టా, ఈ మూడూ మాత్రం మర్చిపోవద్దు.

ఇంట్లో గ్యాస్ సిలిండర్ పెట్టేసుకుని వెళ్ళొచ్చా?

ఆ పని చేయకండి. ఇంటి సిలిండర్ ఇంట్లో వాడకానికే ఇస్తారు, కిరాయి బండిలో పెడితే తప్పే. దానికన్నా ముఖ్యం, ఈ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, మూసేసిన బండిలో మీరు పడుకునేదీ ఆ ఎత్తులోనే. బండితో పాటు వాళ్ళు బిగించి ఇచ్చిన చిన్న సిలిండరే వాడండి, బండి కదిలే ముందు వాల్వ్ కట్టేయాలి, వంట చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి. ఇండక్షన్ స్టవ్ పెట్టుకుందామా అంటే అది 2000 వాట్లు లాగుతుంది, బయట కరెంటు ఉన్నప్పుడే తప్ప బ్యాటరీ మీద కుదరదు.

తినడానికి ఏం తీసుకెళ్తే మంచిది?

మొదటి రోజుకి పులిహోర. చెడిపోదు, వేడి చేయక్కర్లేదు, అమ్మమ్మ నుంచి చిన్నోడి దాకా అందరూ తింటారు. గోంగూర పచ్చడి, ఆవకాయ, కందిపొడి, నెయ్యి ఉంటే బియ్యం ఉడికించుకోడమే పని. దోసెల పిండి మూత గట్టిగా బిగించి తీసుకెళ్ళండి కానీ డబ్బా నిండా కాకుండా సగమే పోయండి, ఎండకి పొంగి ఫ్రిజ్ అంతా కారితే ఆ వాసన బండి తిరిగిచ్చేదాకా పోదు. లోపల వేపుళ్ళు, చేపల కూర వద్దు, పరుపులకీ కర్టెన్లకీ పట్టేస్తుంది, చేపలు తినాలనిపిస్తే బాపట్లలోనో చీరాలలోనో హోటల్లో తినండి.

మా ఆవిడ అడుగుతోంది: అక్కడ కూడా వంట నేనే చేస్తే ఇంక సెలవేంటి?

కరెక్ట్‌గా అడిగారు. ఇంటి కన్నా ఇరుకు వంటగదిలో, సగం నీళ్ళతో, ఆరుగురికి మూడు పూటలా వండమంటే అది సెలవు కాదు శిక్ష. పొద్దున టీ, టిఫిన్ బండిలో, మధ్యాహ్నం బయట మీల్స్, రాత్రికి పెరుగన్నం పచ్చడి, ఇలా పెట్టుకోండి. గిన్నెలు తోమడం మగవాళ్ళ డ్యూటీ అని బయల్దేరే ముందే అందరి ముందూ ప్రకటించేయండి, తర్వాత ఎవరూ తప్పించుకోలేరు.

## రోడ్డు మీద

పిల్లలు ప్రయాణంలో బెడ్ మీద పడుకోవచ్చా?

కుదరదండి, బండి కదుల్తున్నంతసేపూ అందరూ సీట్లో బెల్టుతోనే. 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల ఫైన్, ఫైన్ సంగతి అటుంచండి, హైవే మీద గేదె అడ్డమొచ్చి సడన్ బ్రేక్ వేస్తే బెడ్ మీద ఉన్న పిల్లాడు నేరుగా ముందు అద్దం దగ్గరికి వస్తాడు. నడుం వాల్చాలంటే గంటన్నరకోసారి పక్కకి ఆపుకోండి, బెడ్ ఉన్న బండి కాబట్టి ఆపిన చోట హాయిగా పడుకోవచ్చు. కదిలేటప్పుడు లోపల టాయిలెట్‌కి లేవడం కూడా అంతే, ఆపాకే.

సిటీలో ఎత్తు ప్రాబ్లమ్ వస్తుందా?

వస్తుంది. చాలా బండ్లు మీద ఏసీ, సోలార్ ప్యానెల్ కలుపుకుని 3 మీటర్లకి అటూ ఇటూ ఉంటాయి. మీ బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అంటించండి. రైల్వే అండర్ బ్రిడ్జిలు తప్పించాలి, గుంటూరు వాళ్ళకి మూడు వంతెనల సంగతి చెప్పక్కర్లేదు, వానొస్తే అక్కడ నీళ్ళు కూడా నిలుస్తాయి. విజయవాడ నుంచి గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళు ప్రకాశం బ్యారేజీ మీద ఫోటోల సరదా మానుకుని కనకదుర్గమ్మ వారధి మీదుగా హైవే పట్టుకోండి. మ్యాప్ కారు దారి చూపిస్తుంది, అది ఊళ్ళోంచి షార్ట్‌కట్ అంటే నమ్మకండి, కరెంటు తీగలు, కేబుల్ టీవీ వైర్లు, చింతచెట్టు కొమ్మలు అన్నీ ఆ దారిలోనే ఉంటాయి.

టోల్‌కి కారు రేటేనా?

సాధారణంగా కాదు, మినీబస్ క్లాస్‌లో పడితే కాజ టోల్ గేటు దగ్గరే తేడా తెలుస్తుంది. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ఎవరు వేయాలో ముందే మాట్లాడుకోండి, ట్యాగ్ పనిచేయక యూపీఐతో కడితే ఒకటింపావు కట్టాలి.

శ్రీశైలం వెళ్తున్నాం, రాత్రి అడవిలో ఆగొచ్చా?

ఆగకూడదు. అది నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్, దేశంలోకెల్లా పెద్దది, రోడ్డు పక్కన బండి పెట్టి స్టవ్ వెలిగిస్తే కేసు పెడతారు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టులు మూసేస్తారు. గుంటూరు వైపు నుంచి వెళ్ళేవాళ్ళు చీకటి పడకముందే దోర్నాల దాటేయాలి, ఆ పైన ఘాట్ రోడ్డులో పొడుగు బండి మెల్లగానే వెళ్తుంది. ఆలస్యమైతే మొండికెయ్యకుండా మార్కాపురంలో ఆగిపోండి.

మధ్యలో బండి ఆగిపోతే ఏం చేయాలి?

నేషనల్ హైవే మీద అయితే 1033కి ఫోన్ చేయండి, క్రేన్, అంబులెన్స్ సాయం దొరుకుతుంది. ముందు అందరూ బండి దిగి రోడ్డుకి దూరంగా నిలబడండి, లోపల బెడ్లున్నాయి కదా అని పడుకోవద్దు, వెనకనుంచి లారీ గుద్దే ప్రమాదం ఉంటుంది.

## రాత్రి ఆగే చోట

రాత్రి బండి ఎక్కడ పెట్టుకోవాలి? నచ్చిన చోట ఆపేసుకోవచ్చా?

ఇదే అసలు ప్రశ్న. వీడియోల్లో ఏటి ఒడ్డున ఒంటరిగా బండి, పక్కన కుర్చీలు చూసి అందరూ అదే ఊహించుకుంటారు. కేరళ 2021లోనే కేరవాన్ కేరళ అని స్కీమ్ పెట్టి పార్కుల మీద దృష్టి పెట్టింది, మన గుంటూరు, బాపట్ల వైపు మాత్రం కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ మూడూ ఉన్న పార్కు ఉంటుందని నమ్ముకుని బయల్దేరకండి. ఉన్నంతలో మంచి దారి రిసార్ట్ ఆవరణ. సూర్యలంకలో, ఎత్తిపోతలలో, విజయపురి సౌత్‌లో టూరిజం వాళ్ళ హరిత హోటళ్ళున్నాయి, వోడరేవు వైపు ప్రైవేటు రిసార్టులున్నాయి. ముందే ఫోన్ చేసి మూడు అడగండి: పొడుగు బండి లోపలికి తిరుగుతుందా, 16 ఆంప్స్ ప్లగ్గు ఇస్తారా, ట్యాంకు నింపుకోనిస్తారా. ఒక రూమ్ కూడా తీసుకుంటామంటే చాలామంది ఒప్పుకుంటారు, ఆ రూమ్ బాత్రూమ్ ఎలాగూ పనికొస్తుంది. రెండో దారి తెలిసినవాళ్ళ మామిడితోటో, పొలం దగ్గర ఇల్లో, మనకి చుట్టాలకి కొదవేముంది. మూడోది హైవే మీద లైట్లు, జనం ఉండే పెట్రోల్ బంకు, మేనేజర్‌ని అడిగి ఒక రాత్రికి పర్లేదు. నిర్మానుష్యమైన చెరువు గట్లు, కృష్ణ కరకట్ట పక్కన ఖాళీలు, ఇవి మాత్రం ఎంత అందంగా ఉన్నా ఆడవాళ్ళు పిల్లలతో వద్దు.

రాత్రంతా ఏసీ నడుస్తుందా?

బయట కరెంటు ఉంటే నడుస్తుంది. లేకపోతే లెక్క చూడండి: 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో ఉండేది 2.4 యూనిట్లు, ఒక టన్ను ఏసీ గంటకి దాదాపు ఒక యూనిట్ తింటుంది, అంటే రెండు గంటలకి ఫసక్. పైన సోలార్ ఉంది సార్ అంటారు, అది ఫ్యాన్లకి, లైట్లకి, ఫోన్లకి. జనరేటర్ ఉంటే నడుస్తుంది గానీ చప్పుడు, పొగ, పక్కవాళ్ళ తిట్లు, పొగ కిటికీల్లోంచి లోపలికి రాకుండా గాలివాటం చూసి పెట్టాలి. జనవరిలో సముద్రం పక్కన దోమతెర వేసి ఫ్యాన్ పెట్టుకుంటే ఏసీ గుర్తే రాదు, కాబట్టి ఏసీ లేకుండా నిద్రపట్టనివాళ్ళు ప్లగ్గు దొరికే చోటే బుక్ చేయండి.

ట్యాంకు నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి?

వంద లీటర్లు ఐదుగురికి ఒక పూట స్నానాలకే సరి. స్నానాలు రిసార్ట్ బాత్రూమ్‌లో చేసి, ట్యాంకు నీళ్ళు గిన్నెలకి, చేతులకి, ఫ్లష్‌కి ఉంచితే రోజున్నర లాగొచ్చు. తాగడానికి 20 లీటర్ల క్యాన్ విడిగా కొనండి, ట్యాంకు నీళ్ళు తాగొద్దు.

టాయిలెట్ ఎవరు ఖాళీ చేయాలి?

డ్రైవర్ చేస్తాడని అనుకోకండి, ముందే అడగాలి. కొన్ని బండ్లలో సూట్‌కేస్ లాంటి క్యాసెట్ ట్యాంకు ఉంటుంది, బయటికి లాగి తీసుకెళ్ళి సెప్టిక్ ట్యాంకులోకి పోతున్న టాయిలెట్‌లో ఒంపాలి. కుటుంబానికి రెండు రోజులకి మించి రాదు. కాలవలో, పొలంలో పారబోయడం నేరమూ, పాపమూ రెండూ. మామూలు టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు అందులో వేస్తే జామ్ అయిపోతుంది. మా ఇంట్లో రూల్ ఏంటంటే బయట మంచి టాయిలెట్ ఉన్నప్పుడు అదే, బండిలోది అర్ధరాత్రికీ అమ్మమ్మకీ.

బండిని బీచ్ ఇసకలోకి దింపొచ్చా? పిల్లలు సముద్రంలోకి దిగొచ్చా?

బండి దిగకూడదు, మూడు టన్నుల పైమాట, చక్రం ఒకసారి కూరుకుపోతే ట్రాక్టర్ వచ్చేదాకా అక్కడే. గట్టి నేల మీదే ఆపండి. సముద్రం విషయంలో సూర్యలంక అయినా వోడరేవు అయినా పోలీసులు చెప్పిన హద్దులోనే, పిల్లలకి మోకాళ్ళ లోతు చాలు, వెనక్కి లాగే నీళ్ళు పైకి కనపడవు. ఇద్దరు పెద్దవాళ్ళు ఫోన్లు పక్కన పెట్టి ఒడ్డున నిలబడి చూస్తుండాలి.

క్యాంప్‌ఫైర్ వేసుకుని చికెన్ కాల్చుకోవచ్చా?

రిసార్ట్ వాళ్ళు ఒప్పుకుంటే, బండికి దూరంగా, పక్కన బకెట్ నీళ్ళతో వేసుకోండి. ఒక్కటి గట్టిగా చెప్తున్నా: వానొచ్చిందనో చలేస్తుందనో బొగ్గుల కుంపటి లోపలికి తేకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

కోతులు, దోమలు, పాముల భయం ఉంటుందా?

శ్రీశైలం, ఎత్తిపోతల వైపు కోతులు తలుపు తెరిచుంటే నేరుగా ఫ్రిజ్ దగ్గరికే వస్తాయి. దోమలకి సాయంత్రం ఐదింటికే కిటికీలు మూసి జాలీలు వేయండి. చెప్పులు బయట వదిలితే పొద్దున దులిపి వేసుకోండి, చీకట్లో టార్చ్ లేకుండా దిగొద్దు.

## తిరిగిచ్చేటప్పుడు

డిపాజిట్‌లో ఎందుకు కోస్తారు?

ఎక్కువగా మూడింటికి: పరుపుల మీద నూనె పసుపు మరకలు, ఖాళీ చేయని టాయిలెట్ ట్యాంకు, లేటు. ఇసక కూడా ఒకటి, బీచ్ నుంచి వచ్చేవాళ్ళు గుమ్మం దగ్గరే కాళ్ళు కడుక్కుంటే సగం తగ్గుతుంది. ఇచ్చే ముందు చీపురేసి, ఫ్రిజ్ తుడిచి, ట్యాంకు ఖాళీ చేసి, వాళ్ళ మనిషిని పక్కన పెట్టుకునే మళ్ళీ వీడియో తీయండి. మీటర్ రీడింగ్ ఫోటో కూడా. డబ్బులు ఏ తేదీకి వెనక్కి వేస్తారో అక్కడే వాట్సాప్‌లో పెట్టించుకుని, అవి అకౌంట్లో పడేదాకా ఆ చాట్ డిలీట్ చేయకండి.